చైన్‌సా వాడేవారి రక్షణ సామగ్రి

పెట్రోలు ఇంజనుతో గానీ, కరెంటు లేదా బ్యాటరీ మోటారుతో గానీ నడిచే గొలుసు రంపమే చైన్‌సా. పల్లెల్లో చెట్లు కోసే మిషన్ అనీ, కటింగ్ మిషన్ అనీ అంటారు. దాన్ని చేతపట్టే మనిషి తలకు హెల్మెట్, ముఖానికి జాలీ ముసుగు, కళ్లకు అద్దాలు, చెవులకు మఫ్‌లు, చేతులకు గ్లౌజులు, కాళ్లకు కోతను అడ్డుకునే పొరలున్న ప్యాంటు లేదా చాప్స్, పాదాలకు గట్టి బూట్లు వేసుకోవాలి. వీటిలో కొన్ని పైనుంచి పడే దెబ్బను తగ్గిస్తాయి. కొన్ని ఏళ్ల తరబడి ఒంట్లో పేరుకునే నష్టాన్ని ఆపుతాయి. కాళ్లకు వేసుకునేది మాత్రం తిరుగుతున్న గొలుసునే నిలిపేస్తుంది. తెలుగునాట చెట్లు కోసేవాళ్ల ఒంటిమీద అన్నింటికంటే అరుదుగా కనబడేదీ అదే.

యంత్రం వేగం, గాయం తీరు

చైన్‌సా ప్రమాదాలను అర్థం చేసుకోవాలంటే ముందు గొలుసు వేగం తెలియాలి. యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కితే మామూలు మిషన్‌లో కూడా గొలుసు సెకనుకు సుమారు 20 మీటర్లు పరుగెడుతుంది. అంటే గంటకు 72 కిలోమీటర్లు. పెద్ద మిషన్లలో అది 25 మీటర్లు దాటుతుంది. సుమారు 137 సెంటీమీటర్ల పొడవున్న గొలుసుకు 36 కోత పళ్లు ఉన్నాయనుకుంటే, సెకనుకు 20 మీటర్ల వేగంలో ఒకే చోటు మీదుగా ప్రతి సెకనూ ఐదు వందలకు పైగా పళ్లు దాటిపోతాయి. తొడకు గొలుసు తగిలి మనిషి మిషన్‌ను వెనక్కి లాగేలోపు ఎన్ని పళ్లు తగులుతాయో ఈ లెక్కే చెబుతుంది.

గాయం కూడా కత్తి గాటులా ఉండదు. కోత పన్ను చెక్కను చీల్చదు, ముక్కలుగా తొలిచి బయటికి విసురుతుంది. దుంగలో అది చేసే చాలు వెడల్పు 7, 8 మిల్లీమీటర్ల వరకూ ఉంటుంది. ఒంటి మీదా అంతే. కండ తెగడమే కాదు, ఆ వెడల్పున ఊడి పోతుంది. అంచులు చిందరవందరగా ఉంటాయి కాబట్టి కుట్లు వేయడం కష్టం. గొలుసు మీది నూనె, రంపపు పొట్టు, బెరడు మురికి లోపలికి వెళ్లి చీము పట్టే ప్రమాదమూ ఎక్కువే.

ప్రమాదాల్లో అత్యంత భయంకరమైనది కిక్‌బ్యాక్, అంటే మిషన్ ఎగదన్నడం. గొలుసును మోసే పొడవాటి పట్టీ (బార్) కొన పైభాగం మరో కొమ్మకో దుంగకో తగిలితే గొలుసు అక్కడ పట్టుకుపోతుంది. ఇంజన్ శక్తి అంతా బార్‌ను పైకీ వెనక్కీ, మనిషి ముఖం, మెడ వైపు విసురుతుంది. ఇదంతా సెకనులో పదో వంతు సమయంలో జరిగిపోతుంది. మనిషి కన్ను చూసి, మెదడు గ్రహించి, చేయి కదలడానికి మామూలుగా అంతకు రెట్టింపు సమయం కావాలి. ముప్పై ఏళ్లుగా చెట్లు కోస్తున్న మేస్త్రీకైనా ఇదే శరీరం, ఇవే నరాలు. అనుభవం వల్ల కిక్‌బ్యాక్ అరుదుగా రావచ్చు. వచ్చాక దాన్ని తప్పించుకునే వేగం మాత్రం అనుభవంతో రాదు. నాకు అలవాటే, ఏమీ కాదు అన్న మాట ఇక్కడ నిలవదు.

అయితే ఎక్కువ గాయాలు ముఖానికో మెడకో తగిలేవి కావు. 2009 నుంచి 2013 వరకూ ఐదేళ్లలో అమెరికా ఆసుపత్రుల అత్యవసర విభాగాలకు చైన్‌సా గాయాలతో వచ్చినవారు సుమారు 1,15,000 మంది అని ఒక అంచనా. అందులో ప్రధానంగా దెబ్బతిన్నవి చేతులు, వేళ్లు, మోకాళ్లు. మిషన్ పట్టే తీరులోనే దీనికి కారణం ఉంది. కుడిచేయి వెనక పిడి మీద, ఎడమచేయి ముందు పిడి మీద ఉంటాయి. ఎడమ కాలు కాస్త ముందుంటుంది. కోత పూర్తయి దుంగ విడిపోయిన క్షణంలో మిషన్ బరువంతా ఒక్కసారిగా కిందికి జారుతుంది. యాక్సిలరేటర్ వదిలినా, బ్రేక్ వేయకపోతే గొలుసు ఇంకాసేపు తిరుగుతూనే ఉంటుంది. అది దిగేది నేరుగా తొడ, మోకాలి మీదికే.

రక్షణ ఆలస్యంగా వచ్చింది

చెట్లు నరికే గొలుసు రంపం జర్మనీలో 1920లలో రూపుదిద్దుకుంది. ఆండ్రియాస్ స్టీల్ 1926లో కరెంటుతో నడిచే రంపానికి పేటెంటు తీసుకున్నాడు. ఆ మరుసటి ఏడాదే ఎమిల్ లెర్ప్ పెట్రోలు ఇంజను రంపాన్ని తురింగియా ప్రాంతంలోని డోల్మార్ కొండ మీద పరీక్షించాడు. అవి ఇద్దరు మనుషులు మోయాల్సిన యంత్రాలు. 1940ల చివర్లో అమెరికాలోని ఓరెగాన్‌కు చెందిన జోసెఫ్ బ్యూఫర్డ్ కాక్స్, దుంగను తొలిచే ఒక పురుగు లార్వా దవడల తీరును గమనించి కొత్త రకం కోత పన్ను తయారుచేశాడు. ఈనాటి గొలుసులన్నీ దాని వారసత్వమే. 1950ల్లో మిషన్ తేలికై ఒక్క మనిషి చేతికి వచ్చింది. అడవుల్లో ఉత్పత్తి ఒక్కసారిగా పెరిగింది, ప్రమాదాలూ దాంతోపాటే పెరిగాయి.

మిషన్‌లోని రక్షణ ఏర్పాట్లు మాత్రం తాపీగా వచ్చాయి. పిడికి రబ్బరు, స్ప్రింగులు అమర్చి అదురును తగ్గించే పద్ధతి 1960ల మధ్యలో మొదలైంది. ఎడమచేతి ముందుండే అడ్డుపట్టీకి తగిలితే గొలుసును ఆపేసే చైన్ బ్రేక్ 1970ల తొలి సంవత్సరాల్లో వచ్చింది. యంత్రం పుట్టాక దాదాపు నాలుగు దశాబ్దాల పాటు పనివాళ్లకు దక్కిన రక్షణ వాళ్ల జాగ్రత్త ఒక్కటే. ఇప్పుడు మంచి కంపెనీ మిషన్ కొంటే ఇవన్నీ అందులోనే వస్తాయి. ఒంటికి వేసుకునేవి మాత్రం విడిగా కొనాలి, అక్కడే చాలామంది ఆగిపోతారు.

కాళ్ల రక్షణ: చాప్స్, ప్యాంట్లు

చాప్స్ అంటే నడుముకు బెల్టుతో కట్టుకుని తొడ నుంచి చీలమండ దాకా ముందువైపు వేలాడే కవచం. మామూలు ప్యాంటు పైనే కట్టుకోవచ్చు. ప్యాంటు రూపంలో దొరికేవాటిలో ఆ కవచం లోపలే కుట్టి ఉంటుంది. పైకి రెండూ మందపాటి గుడ్డలాగే కనిపిస్తాయి. అసలు సంగతి లోపలి పొరల్లో ఉంది.

ఆ పొరలు గట్టిగా ఉండి గొలుసును అడ్డుకుంటాయని చాలామంది అనుకుంటారు. నిజానికి అవి తెగడానికే తయారైనవి. పాలిస్టర్, నైలాన్, కెవ్లార్, డైనీమా లాంటి బలమైన పోగులను వదులుగా, పొడవుగా, పొర మీద పొరగా పేరుస్తారు. పై గుడ్డను గొలుసు చీల్చగానే పళ్లు ఈ పోగులను పట్టి లాగుతాయి. పోగులు కుచ్చులు కుచ్చులుగా బయటికి వచ్చి గొలుసుతోపాటు ఇంజను వైపు పరుగెత్తి, గొలుసును నడిపే పళ్లచక్రం చుట్టూ చుట్టుకుపోతాయి. సైకిల్ తొక్కేటప్పుడు పంచె అంచు చైనులో పడితే చక్రం బిగుసుకుపోతుంది చూడండి, అలాగే. క్లచ్ జారిపోతుంది, గొలుసు సెకనులో చిన్న భాగంలోనే నిలిచిపోతుంది. అలాంటి ప్రమాదం తర్వాత చాప్స్‌ను చూస్తే తొడ దగ్గర జానెడు చీలిక, అందులోంచి దూదిలా వేలాడే తెల్లటి పోగులు కనిపిస్తాయి. మిషన్ మూత విప్పితే పళ్లచక్రం నిండా అవే పోగులు ముద్దగా ఉంటాయి. కింద కాలికి గీత కూడా పడకపోవచ్చు, లేదా చిన్న గాయంతో పోవచ్చు.

ఈ సూత్రం తెలిస్తే వాడకంలో పాటించాల్సినవన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. పోగులు స్వేచ్ఛగా కదలాలి. అందుకే చిరిగిన చోట దబ్బనంతో లోపలి పొరల దాకా కుట్టకూడదు, కుడితే ఆ చోట పోగులు బయటికి రావు. పెట్రోలు, గొలుసు నూనె తడిసి ఎండితే పోగులు అంటుకుపోతాయి, కాబట్టి తయారీదారు చెప్పిన పద్ధతిలో ఉతకాలి. బ్లీచింగ్ పౌడర్, వేడి ఇస్త్రీ పనికిరావు. లోపలి పొర ఒక్కసారి తెగినా ఆ చాప్స్ పని అయిపోయినట్టే. బయట చిన్న చీలికే కదా అని మళ్లీ కట్టుకుంటే ఆ మనిషికి ఉన్నది కవచం కాదు, ధైర్యం మాత్రమే.

ఇంకో విషయం అమ్మేవాళ్లు అంతగా చెప్పరు. పెట్రోలు మిషన్‌లో క్లచ్ ఉంటుంది, కాబట్టి పోగులు చుట్టుకోగానే గొలుసు ఆగుతుంది. కరెంటు, బ్యాటరీ మోటార్లు తక్కువ వేగంలోనూ బలంగా తిప్పుతాయి. వాటి గొలుసు వేగం తక్కువైనా, ఆగే తీరు వేరు. కొన్ని బలమైన ఎలక్ట్రిక్ మిషన్లను చాప్స్ పూర్తిగా ఆపలేకపోవచ్చు. అలాగని కట్టుకోకపోవడం సరికాదు. పోగులు ఎంతో కొంత అడ్డుపడతాయి, ఆ మేరకు గాయం తగ్గుతుంది.

అంతర్జాతీయ ప్రమాణాలు ఈ దుస్తులను గొలుసు వేగాన్ని బట్టి విభజించాయి. ఐరోపాలో ఈఎన్ 381గా ఉన్న ప్రమాణం ఇప్పుడు ఐఎస్‌ఓ 11393గా మారింది. అందులో క్లాస్ 0 సెకనుకు 16 మీటర్ల వేగానికి, క్లాస్ 1 20 మీటర్లకు, క్లాస్ 2 24 మీటర్లకు, క్లాస్ 3 28 మీటర్లకు పరీక్షించినవి. దుస్తుల మీద మిషన్ బొమ్మ ముద్రించి దాని పక్కన క్లాసు రాసి ఉంటుంది. ఎంత మేర కప్పుతాయన్నదాన్ని బట్టి మరో విభజన ఉంది. టైప్ ఎ, టైప్ బి ప్రధానంగా కాలి ముందువైపును కాపాడతాయి, నేల మీద నిలబడి కోసేవారికి అవి చాలు. టైప్ సి కాలి చుట్టూ ఉంటుంది, చెట్టెక్కి కోసేవారికి అదే కావాలి. ఇవన్నీ ప్రయోగశాలలో నిర్ణీత వేగంతో చేసిన పరీక్షలు. అంతకంటే వేగంగా తిరిగే మిషన్ చేతిలో ఉంటే క్లాస్ 1 చాప్స్ పూర్తి హామీ ఇవ్వదు.

తల, కళ్లు, చెవులు

అడవిలో మరణాలకు పెద్ద కారణం గొలుసు కాదు, చెట్టే. పై కొమ్మల్లో ఇరుక్కుని ఉన్న ఎండు కొమ్మ, కోసేటప్పటి అదురుకు ఊడి నెత్తిన పడుతుంది. అందుకే హెల్మెట్ కావాలి. ఐరోపాలో ఈఎన్ 397, మన దేశంలో ఐఎస్ 2925 ప్రమాణం ఉన్నవి పనికొస్తాయి. హెల్మెట్ ప్లాస్టిక్ ఎండకు పెళుసెక్కుతుంది. మన ఎండల్లో ఇది తొందరగా జరుగుతుంది. లోపల ముద్రించిన తయారీ తేదీ చూసుకుని, రంగు వెలిసినా, పగులు కనిపించినా, ఒక్క గట్టి దెబ్బ తిన్నా మార్చేయాలి. బైక్ హెల్మెట్ దీనికి బదులు కాదు. అది చెవులను మూసేసి, పక్క చూపును తగ్గించి, సాటివాళ్ల కేకను వినబడనీయదు.

చైన్‌సా హెల్మెట్లకు సాధారణంగా ముందు జాలీ ముసుగు, పక్కల చెవి మఫ్‌లు కలిపే వస్తాయి. జాలీ ఎగిరే చెక్క ముక్కలను ఆపుతుంది, చెమటకు మసకబారదు. సన్నటి పొట్టు మాత్రం అందులోంచి దూరుతుంది. ముఖ్యంగా ఎండిన తుమ్మ, టేకు కోసేటప్పుడు లోపల కళ్లద్దాలు కూడా పెట్టుకోవాలి.

చెవుల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఈ నష్టానికి రక్తం రాదు, నొప్పి ఉండదు. పెట్రోలు చైన్‌సా మోత వాడేవారి చెవి దగ్గర 100 డెసిబెల్‌లు దాటుతుంది, చాలా మిషన్లలో 110 దాకా ఉంటుంది. 85 డెసిబెల్‌ల మోతను రోజుకు 8 గంటలు భరించవచ్చని వృత్తి ఆరోగ్య నిపుణులు లెక్కగడతారు. ప్రతి 3 డెసిబెల్‌లు పెరిగినకొద్దీ ఆ సమయం సగమవుతుంది. ఆ లెక్కన 100 డెసిబెల్‌ల దగ్గర 15 నిమిషాలు, 110 దగ్గర రెండు నిమిషాలు కూడా ఉండకూడదు. లోపలి చెవిలోని రోమకణాలు ఒకసారి చచ్చిపోతే మళ్లీ రావు. మొదట పోయేది పక్షుల కూత, పిల్లల సన్నటి గొంతు. ఇంట్లోవాళ్లు పిలిస్తే పలకడంలేదని గమనించేసరికి ఆలస్యమైపోతుంది. దూది పెట్టుకోవడం రక్షణ కాదు. ఇరవై, ముప్పై డెసిబెల్‌లు తగ్గించే మఫ్‌లు కావాలి.

చేతులు, అదురు జబ్బు

చైన్‌సా గ్లౌజుల్లో మంచివాటికి ఎడమచేతి వెనకవైపు కోత అడ్డుకునే పొర ఉంటుంది. కుడిచేయి వెనక పిడి మీద కాస్త భద్రంగా ఉంటుంది, ముందున్న ఎడమచేయికే ముప్పు ఎక్కువ. మామూలు తోలు గ్లౌజులైనా పట్టు జారకుండా, ముళ్లు గుచ్చుకోకుండా కాపాడతాయి.

అదురు వల్ల వచ్చే జబ్బు మరో కథ. ఏళ్ల తరబడి మిషన్ పట్టినవాళ్ల వేళ్లలో సన్నటి రక్తనాళాలు, నరాలు దెబ్బతింటాయి. చలి తగిలినప్పుడు వేళ్ల కొనలు తెల్లగా పాలిపోతాయి, తిమ్మిరి ఎక్కుతాయి, చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమవుతుంది. 1960, 70లలో జపాన్, ఫిన్లాండ్, స్వీడన్, బ్రిటన్ అటవీ కార్మికుల్లో ఇది పెద్ద ఎత్తున బయటపడింది. ఫిన్లాండ్‌లో ఒక ప్రాంతపు అటవీ కార్మికులను 1972 నుంచి 1990 దాకా పరిశీలిస్తే, తెల్లవేళ్ల జబ్బు ఉన్నవారు 40 శాతం నుంచి 5 శాతానికి తగ్గారు. కారణం గ్లౌజులు కాదు, తేలికైన, అదురు తక్కువ ఉన్న కొత్త మిషన్లు. వేడి ప్రాంతాల్లో వేళ్లు తెల్లబడటం అంతగా కనబడకపోవచ్చు, తిమ్మిరి మాత్రం ఇక్కడా వస్తుంది. అదురు ఆపుతాయని అమ్మే గ్లౌజులను నమ్ముకోవడం కంటే, పిడి కింది రబ్బర్లు అరిగితే మార్చడం, గొలుసు పదును చూసుకోవడం, మధ్యమధ్య పని ఇంకొకరికి అప్పగించడం ఎక్కువ ఫలితమిస్తాయి.

పాదాలు, ఒళ్లు, చెట్టెక్కేవారు

బూట్లకు ముందు ఉక్కు టోపీ, పాదం మీద కోత అడ్డుకునే పొర, జారని అడుగు ఉండాలి. మన ఐఎస్ 15298 బూట్లు దుంగ పడితే వేళ్లను కాపాడతాయి. గొలుసును ఆపేందుకు ఐఎస్‌ఓ 17249 ప్రమాణమున్నవి వేరే ఉన్నాయి. చొక్కా ఒంటికి పట్టినట్టుండాలి. లుంగీ, వదులు చేతులు, భుజాన తువ్వాలు, మెడలో గొలుసు, ఇవన్నీ తిరిగే పళ్లకు అందే వస్తువులే. చెమట తుడుచుకునే తువ్వాలు నడుముకు చెక్కుకోవడం కూడా ప్రమాదమే.

చెట్టెక్కి కోయడం పూర్తిగా వేరే పని. పైపిడి ఉన్న చిన్న మిషన్లు అందుకోసం చేసినవే, శిక్షణ లేనివాళ్లు వాటిని నేల మీద ఒంటిచేత్తో వాడటం వల్ల ఎడమచేయి తెగిన సందర్భాలు ఎన్నో. ఎక్కేవారికి టైప్ సి ప్యాంటు, శరీరానికి హార్నెస్, లోపల ఉక్కు తీగ ఉన్న తాడు కావాలి. మామూలు కొబ్బరి తాడును గొలుసు ఒక్క తాకుడుకు తెంపేస్తుంది, తాడు తెగితే మనిషి కిందే.

చట్టాలు

అమెరికాలో 1994లో వచ్చిన కలప నరికే పనుల భద్రతా నియమాలు, చైన్‌సా వాడే ప్రతి కార్మికుడికీ తొడ పైభాగం నుంచి బూటు దాకా కాళ్ల రక్షణ ఉండాలని, దాన్ని యజమానే ఉచితంగా ఇవ్వాలని చెబుతాయి. బ్రిటన్‌లో 1998 నాటి పని పరికరాల నియమాల కింద శిక్షణ తప్పనిసరి. ఐరోపా దేశాల్లో అదురు, మోతలకు రోజువారీ పరిమితులు ఉన్నాయి. భారతదేశంలో పని చేస్తూ గాయపడిన కూలీకి పరిహారం ఇవ్వాల్సిన బాధ్యతను 1923లోనే చట్టం యజమాని మీద పెట్టింది. కానీ నోటి మాట మీద నడిచే చెట్ల కోతలో యజమాని ఎవరన్నదే తేలదు. చెట్టు రైతుది, కొన్నది వ్యాపారి, మిషన్ మేస్త్రీది, కోసేది కూలీ. దెబ్బ తగిలాక ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు.

తెలుగునాట

నెల్లూరు, ప్రకాశం తీరంలో సరుగుడు తోటలు, కృష్ణా, ప్రకాశం మెట్టల్లో సుబాబుల్, ఖమ్మం, భద్రాద్రి వైపు జామాయిల్, ఇవన్నీ రాజమహేంద్రవరం, సారపాక కాగితపు మిల్లులకు వెళ్లే కలప. ఒకప్పుడు గొడ్డళ్లతో సాగిన ఈ కోత ఇప్పుడు చాలాచోట్ల మిషన్లతోనే నడుస్తోంది. కూలి టన్ను లెక్క. ఆ లెక్కలో రక్షణ సామగ్రికి చోటు లేదు. కట్టుకుని విప్పుకునే సమయం, ఉక్కపోతకు ఆగే సమయం కూలిలోంచే పోతుంది. అందుకే చాప్స్ కొనాల్సింది కూలీ కాదు, మిషన్ కొన్నవాడు లేదా తోట కొన్న వ్యాపారి. టన్ను ధరలోనే ఆ ఖర్చు ఉండాలన్నది ఈ వ్యాస రచయిత దృఢ అభిప్రాయం. మంచి మిషన్ ధరతో పోలిస్తే చాప్స్ ఖర్చు కొంత భాగమే.

ఎండ నిజమైన సమస్య. మే నెలలో కాళ్లకు అన్ని పొరలు కట్టుకుని పనిచేయమనడం తేలిక, చేయడం కష్టం. వడదెబ్బ కూడా ప్రాణం తీసేదే. అందుకు మార్గాలు లేకపోలేదు. చుట్టూ మూసే ప్యాంటు కంటే వెనక తెరిచి ఉండే చాప్స్ గాలి ఆడనిస్తాయి. తెల్లవారుజామున మొదలుపెట్టి పది గంటలకు మిషన్ ఆపేసి, కొమ్మలు సర్దడం, దుంగలు మోయడం లాంటివి చాప్స్ విప్పి చేసుకోవచ్చు. కోసేటప్పుడే కట్టుకోవాలి, రోజంతా కాదు.

తుఫాను తర్వాత పరిస్థితి మరీ ప్రమాదకరం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను కుదిపేసినప్పుడు, 2018 అక్టోబర్‌లో తిత్లీ ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసినప్పుడు, 2024 ఆగస్టు 31న తాడ్వాయి అడవిలో సుడిగాలికి వేల చెట్లు ఒరిగినప్పుడు మిషన్లు ఊరూరా దిగాయి. పడిన చెట్టు నిలువు చెట్టులాంటిది కాదు. ఒకదాని మీద ఒకటి పడి వంగిన కాండంలో విల్లంబులో ఉన్నంత బిగువు ఉంటుంది. తప్పువైపు కోస్తే అది ఎగిరి ముఖానికి తగులుతుంది. వేళ్లతో సహా పెకలిన చెట్టు కాండం కోయగానే మోడు తిరిగి లేచి నిలబడవచ్చు. అలాంటి చోట అలవాటు లేని చేతులే ఎక్కువ, అందుకే అక్కడికి వెళ్లే ప్రతి మిషన్ వెంట పూర్తి సామగ్రి వెళ్లాలి.

ఇప్పుడు ఆన్‌లైన్‌లో అరచేతిలో ఇమిడే బ్యాటరీ మిషన్లు చవగ్గా దొరుకుతున్నాయి. పెరటి జామ కొమ్మకు, మామిడి కొమ్మకు జనం కొంటున్నారు. చాలావాటికి చైన్ బ్రేక్ ఉండదు, ఒంటిచేత్తో పట్టేవి కాబట్టి రెండో చేయి కొమ్మను పట్టుకుంటుంది. ఇంటి వాడకానికైనా కళ్లద్దాలు, గ్లౌజులు, బూట్లు తప్పనిసరి. అమెరికాలో ఇల్లు కొనుక్కుని, గాలివానకు పడిన చెట్టు తీయడానికి మొదటిసారి చైన్‌సా అద్దెకు తెచ్చుకునే తెలుగువారికీ ఇదే వర్తిస్తుంది. అక్కడ కొన్ని అద్దె దుకాణాల్లో అడిగితే చాప్స్ కూడా ఇస్తారు.

గాయమైనప్పుడు

సామగ్రిలో చివరిది ఒంటి మీద ఉండేది కాదు, జేబులోనో సంచిలోనో ఉండేది. తొడలోని పెద్ద రక్తనాళం తెగితే కొద్ది నిమిషాల్లోనే ప్రాణం పోవచ్చు. దట్టమైన ప్రెషర్ కట్టు, టోర్నికే (రక్తం ఆపేందుకు బిగించే పట్టీ) అందుబాటులో ఉండాలి, పక్కనున్నవాళ్లకు వాటిని కట్టడం తెలిసి ఉండాలి. గాయం మీద శుభ్రమైన గుడ్డ పెట్టి బలంగా నొక్కి పట్టాలి, ఆగకపోతే గాయానికి పైన టోర్నికే బిగించి కట్టిన సమయం రాసుకోవాలి. ఒంటరిగా చైన్‌సా వాడకూడదనేది ఇందుకే. తోట లోపలికి వెళ్లేముందే సర్వే నంబరు, దగ్గరి రోడ్డు మీది గుర్తు, ఫోన్ సిగ్నల్ దొరికే చోటు తెలుసుకోవాలి. 108కు ఫోన్ చేసినప్పుడు అంబులెన్స్ డ్రైవరు మొదట అడిగేది దారే.